సత్యసంధులైన మీటరు గారికి

మహారాజశ్రీ కిలోమీటర్ల మీటరు గారి సముఖమునకు,

విజయనగరం గంటస్తంభానికి కూతవేటు దూరంలో కాపురముంటున్న ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాయు లేఖ. ఇక్కడ నేను క్షేమం. తమరు కూడా స్టీరింగు వెనుక, అద్దం చాటున, ఎండా వానా తగలకుండా క్షేమంగా ఉన్నారని రోజూ ఉదయం తాళం తిప్పగానే తెలుస్తూనే ఉన్నది. క్షేమం లేనిది ఇంజనుకూ, క్లచ్‌కూ, నా ప్రావిడెంట్ ఫండుకూ మాత్రమే.

తమ తొలి దర్శనం నాకు 2021 మార్చిలో అయింది. 2011 మోడల్ డీజిల్ కారు, విశాఖపట్నం నంబరు, ఒక్కరే యజమాని, ఆ యజమాని కూడా డాక్టరు గారు అని బ్రోకరు చెప్పాడు. మన రెండు జిల్లాల్లో అమ్మకానికి వచ్చే ప్రతి పాత కారూ ఏదో ఒక డాక్టరు గారిదే అయి ఉంటుంది. ఆ డాక్టరు గారు ఇంటికీ ఆసుపత్రికీ మధ్య తప్ప ఎక్కడికీ వెళ్లి ఎరగరు. ఇన్ని వేలమంది డాక్టర్లు ఉండగా మన ఆసుపత్రుల ముందు అంతంత బారు వరసలు ఎందుకుంటాయో నాకు నేటికీ అంతుపట్టదు. సరే, నేను వంగి చూశాను. తమరు 61,840 అన్నారు. ముప్పై నాలుగేళ్లు పిల్లల చేత భాగహారాలు చేయించిన మనిషిని, ఆ క్షణాన ఒక్క భాగహారం చేసుకోకుండా మూడు లక్షల పదివేలు లెక్కపెట్టి ఇచ్చేశాను.

ఆ భాగహారం ఇప్పుడు తమ సమక్షంలో చేస్తున్నాను, చిత్తగించండి. పదేళ్లకు 61,840 అంటే ఏడాదికి 6,184. అంటే రోజుకు పదిహేడు కిలోమీటర్లు. ఊరి నుంచి నెల్లిమర్ల దాకా వెళ్లి రావడానికే చాలీచాలని దూరమది. 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తివేసే దాకా పెట్రోలుకూ డీజిలుకూ మధ్య పెద్ద వ్యత్యాసం ఉండేది గనుక, ఆ రోజుల్లో బండి కొనేటప్పుడే దాదాపు లక్ష రూపాయలు అదనంగా పోసి డీజిల్ కొన్నవాడు ఎవడైనా బాగా తిరగడానికే కొన్నాడు. రోజూ విశాఖపట్నం వెళ్లి వచ్చేవాడో, సిబ్బందిని తిప్పే కాంట్రాక్టుకు బండి పెట్టినవాడో అయి ఉంటాడు. నెల్లిమర్ల దాకా వెళ్లి రావడానికి డీజిల్ కారు కొన్న మనిషి ఉంటే ఆయనను పైడితల్లి జాతరలో సిరిమాను మీద ఊరేగించవలసిందే.

తమ వంశంలో పూర్వులు మాత్రం ఇంత నిబ్బరం గలవారు కారు. పళ్ల చక్రాల కాలంలో మీటరును వెనక్కి తిప్పితే అంకెలు ఒకదాని పక్కన ఒకటి తిన్నగా నిలబడలేక, వరుస తప్పి, తల వంచుకొని కనిపించేవి. అబద్ధమాడినప్పుడు వాటికి అంత మాత్రం సిగ్గుండేది. తమరు చిప్పులోకి మకాం మార్చాక ఒక లాప్‌టాపు, ఒక వైరు, పావుగంట సమయం ఉంటే చాలు, ఎంత అంటే అంత, వరుస కూడా తప్పకుండా చెబుతున్నారు. కొన్ని కార్లలో ఇంజను కంప్యూటరూ, బ్రేకుల కంప్యూటరూ కిలోమీటర్లు వేరుగా రాసుకుంటాయనీ, మీటరు వెనక్కి తిప్పిన బండికి స్కానర్ పెట్టి చూస్తే ఆ రెండు లెక్కలూ తమరు చెప్పే లెక్కతో కలవవనీ నాకు ఆ తరువాత ఎప్పుడో తెలిసింది.

తమరు ఒక్కరే మాట్లాడినప్పుడు తమ మాట చెల్లింది గానీ, కారులో తమరు ఒక్కరే లేరు. క్లచ్ పెడల్ మీది రబ్బరు నడుమ అరిగి ఇనుము కనిపిస్తున్నది. అరవై వేలకు అలా అరగదు. అరగని కొత్త రబ్బరు వేసి ఉంటే అది ఇంకా అనుమానం. స్టీరింగు చక్రం ఎడమచేయి పట్టే చోట నూనె రాసిన గడపలా నునుపు తేలి ఉన్నది. గేరు గుండు మీద అంకెలు పూర్తిగా చెరిగిపోయాయి. డ్రైవరు సీటు తలుపు వైపు అంచు కుంగిపోయింది. టైరు పక్కన చిన్న అక్షరాల్లో నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. తలుపుల అద్దాల మీద కూడా తయారీ గుర్తులుంటాయి. ఒక్క అద్దం గుర్తు మిగతావాటితో కలవకపోతే ఆ పక్కన బండి ఎవరినో గుద్దిందని అర్థం. ఇవన్నీ చూపు ఆనేవారికి కనబడేవే. నేను మాత్రం తమ ముఖారవిందం తప్ప మరేమీ చూడలేదు.

ఇక ఇంజను సంగతి. ఆనాడు బ్రోకరు ఉదయం ఏడున్నరకు బండిని స్వయంగా మా గుమ్మంలోకి తెచ్చి పెట్టాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. సాలూరులో లారీల మీద చెయ్యి తిరిగిన మా మేస్త్రి తరువాత ఆ మర్యాదకు అర్థం చెప్పాడు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ రాజేసే ప్లగ్గు ఉండదు, గాలిని గట్టిగా అదిమిన వేడికే డీజిల్ అంటుకోవాలి. అందుచేత పిస్టన్ రింగులూ, పిస్టన్ ఆడే గొట్టం, అంటే బోరూ అరిగి ఆ అదుము తగ్గినా, చల్లని ఇంజనును వేడిచేసే హీటర్ ప్లగ్గులు పోయినా, ఆ లోటు రాత్రంతా చల్లబడి ఉన్న ఇంజనును స్టార్టు చేసినప్పుడే బయటపడుతుంది. ఒకసారి వేడెక్కించి తెస్తే ముసలి ఇంజను కూడా పెళ్లికొడుకులా పలుకుతుంది. "సెప్పకుండా ఎల్లాల మాస్టారూ, ఎల్లగానే బానెట్ మీద సెయ్యేసి సూడాల. ఎచ్చగుంటే ఇంకేటీ సూడక్కర్లేదు, తిరిగొచ్చీడమే," అన్నాడు.

ఆ రోజు మేస్త్రి నా బండికి చేసిన పరీక్ష నా కళ్లకు కట్టినట్లు ఉన్నది. ఇంజను నడుస్తుండగానే ఆయిలు పోసే మూత విప్పి, బోర్లించి ఆ రంధ్రం మీదనే ఉంచాడు. మంచి ఇంజనయితే మూత కొద్దిగా అదిరి ఊరుకుంటుందట. మా మూత ఇడ్లీ పాత్ర మీది మూతలా టకటక ఎగిరి, పక్కకు జారి, బ్యాటరీ మీద పడింది. ఆ రంధ్రంలోంచి పొగ గుప్పుగుప్పున తన్నుకొచ్చింది. మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు మాట్లాడే గొంతుతో, "బోరుకొచ్చీసింది" అన్నాడు, అంటే ఇంజను విప్పి అరిగిన బోరు బాగుచేయించక తప్పదని. వెనుక సైలెన్సర్ దగ్గర నిలబడిన మా అబ్బాయి నీలిపొగ వస్తోందని చెప్పాడు. నీలిపొగ అంటే ఆయిలు కాలిపోతున్నదని. నల్లపొగ ఎడతెగకుండా వస్తే డీజిల్ చిమ్మే ఇంజెక్టరో, గాలి ఫిల్టరో, ఇంజనులోకి గాలిని అదనంగా నెట్టే టర్బో దారో బాగాలేదని. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ కాలకుండా పోతున్నదనో, రేడియేటర్ నీళ్లు లోపలికి చేరుతున్నాయనో అర్థమట. కొనేముందు గేజు పుల్ల తీసి చూసినప్పుడు ఆయిలు తేనె రంగులో ఉంటే నేను సంతోషించాను. డీజిల్ ఇంజనులో ఆయిలు మార్చిన కొద్ది రోజులకే నల్లబడడం సహజమనీ, అమ్మే రోజున తేనె రంగులో ఉంటే అది ముందురోజు పోసినదనీ ఆనాడు నాకు తెలియదు.

టర్బో, క్లచ్ కూడా సాక్షులే. ఎక్కుడులో నాలుగో గేరులో కాలు అదిమినప్పుడు బండి ముందుకు లాగకుండా ఈలవేస్తూ నల్లపొగ మాత్రమే కక్కితే టర్బో ఖర్చు సిద్ధం చేసుకోవాలి. చేతి బ్రేకు లాగి, మూడో గేరులో క్లచ్ నెమ్మదిగా వదిలితే ఇంజను ఆగిపోవాలి, ఆగకుండా అరుస్తూ ఉంటే క్లచ్ పని అయిపోయినట్లే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సాక్షులు మరి రెండున్నాయి, ఉప్పుగాలీ తుపానూ. కళింగపట్నం, భావనపాడు, భీమిలి వైపు సముద్రం ఒడ్డున ఏళ్లపాటు నిలిచిన బండికి పైన రంగు మెరుస్తున్నా, కింద గుమ్మాల అడుగునా, డిక్కీలో స్టెప్నీ గుంటలోనూ ఇనుము అప్పడంలా పొరలు లేస్తుంది. మ్యాట్లు ఎత్తి, వేలితో నొక్కి చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఎన్ని కార్ల మీద చెట్లు కూలాయో చూసినవారం కదా. వాటిలో కొన్ని టింకరింగు చేయించుకొని, రంగు వేయించుకొని సంతకు వచ్చాయి. పైకప్పు లోపలి గుడ్డ కొత్తగా ఉంటే పాత గుడ్డ ఏమైందని అడగడంలో తప్పులేదు. నీళ్లలో మునిగిన బండి అయితే సీటు బెల్టును చివరంటా బయటికి లాగాలి. లోపల దాగిన చివరి మూరను ఎవరూ కడగరు, బురద చార అక్కడే ఉండిపోతుంది.

కాగితాలంటే తమకు అలుసు, అందువల్ల క్లుప్తంగా చెబుతాను. ఆర్సీలో ఇంజను, చాసిస్ నంబర్లు బండి మీది నంబర్లతో సరిపోవాలి. ఫైనాన్స్ తీరితే ఫారం 35 రావాలి. పేరు మారడానికి 29, 30 ఫారాల మీద సంతకాలు కావాలి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను ఢిల్లీలో తిరగనీయరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించాక అక్కడి బండ్లు చవగ్గా దక్షిణాదికి దిగాయి. అలాంటిది కొంటే అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 ఎన్ఓసీ, మన రాష్ట్రపు లైఫ్ టాక్సు లెక్కవేసుకున్నాక ఆ చవక ఎంత మిగులుతుందో చూసుకోవాలి.

ఇంతవరకూ తమరు నా డబ్బు తిన్నారన్న కోపమే గానీ పగ లేదు. పగ పుట్టిన రోజు వేరు. కొన్న ఏడో నెలలో నీళ్ల పంపు కారుతోందని మేస్త్రి, పిస్టన్లకూ వాల్వులకూ లయ కుదిర్చే టైమింగ్ బెల్టు మూత విప్పాడు. ఆ మూత లోపలి వైపు, మసి పట్టిన ఒక స్టిక్కరు మీద, ఎవరో పాత మెకానిక్ బాల్‌పెన్నుతో గుండ్రంగా రాసిన అక్షరాలు ఉన్నాయి: "బెల్టు మార్చినది 1,48,200 కి.మీ. 06/2018." తమను సర్దిన చెయ్యి అంత లోపలికి చూడలేదు. తమ లెక్క ప్రకారం ఆ బెల్టు ఇంకా ఒక్కసారి కూడా మారి ఉండకూడదు, లక్ష దాకా నేను దాని ఊసే ఎత్తనక్కరలేదు. ఆ బెల్టు నడుస్తుండగా తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగిలి ఇంజను అక్కడికక్కడే ఆగుతుంది. తమరు తగ్గించి చెప్పినది ధర కోసం మాత్రమే అనుకున్నాను. ఏది ఎప్పుడు మార్చాలన్న పంచాంగమంతా తమరు తప్పుగా చదివించారు.

బోరు చేయించాను, బెల్టు మార్పించాను, ఇంజెక్టర్లు బాగు చేయించాను. మొత్తం ఎంతయిందో మా ఆవిడకు ఇప్పటికీ సగమే చెప్పాను. సర్దడం నాకు కూడా వచ్చిందన్నమాట.

ఇప్పుడు తమరు 98,715 చూపిస్తున్నారు. ఆర్సీ గడువు 2026లో తీరుతుంది గనుక అంతకుముందే బండిని వదిలించుకుందామని బ్రోకరును పిలిచాను. ఈసారి వేరే బ్రోకరే. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు సీట్లో కూర్చొని, తాళం తిప్పి, తమ వంక చూసి పెదవి విరిచాడు. "లచ్చకి దగ్గరైపోయింది మాస్టారూ, ఎవులూ సూడరు. డెబ్బైకి సర్దించీమంటారా?" అన్నాడు. నేను స్టిక్కరు సంగతి చెప్పబోయి ఆగాను. చెబితే లక్షా తొంభై దాటిన బండి అంటాడు, అప్పుడు చూడడానికి కాదు గదా, అడగడానికైనా ఎవరూ రారు. గంటస్తంభం వైపు నుంచి ఆటోలు వెళుతున్నాయి. కాసేపు వాటినే చూస్తూ నిలబడి, సర్దించడానికి ఎంతవుతుందని అడిగాను.

ఆ మాట తమరు వినే ఉంటారు. తాళం అప్పుడు ఆన్‌లోనే ఉన్నది.

ఇట్లు,
తమ మాట నమ్మిన
లెక్కల మాస్టారు,
విజయనగరం