జిల్లా దాటితేనే కదిలే కాళ్లు

నెల్లూరు మనిషి కాళ్ల మీద ఇంతవరకు ఎవరూ సరైన పరిశోధన చేయలేదు. చేపల పులుసు మీద చేశారు, మొలగొలుకుల బియ్యం మీద చేశారు, తిక్కన గారి మీదైతే చెప్పనక్కర్లేదు. కాళ్లనే గాలికొదిలేశారు. ఆ లోటు పూడ్చే బరువు నా నెత్తిన పడింది. ఇప్పటికి తేలిన విషయం ఇది: ఈ కాళ్లు సొంత జిల్లాలో బ్రేకు తొక్కడానికి, బండికి స్టాండు వేయడానికి మాత్రమే పనికొస్తాయి. నడవాలంటే ముందు వాటికి ఇమ్మిగ్రేషన్ ముద్ర పడాలి.

నా పరిశోధనకు దొరికిన నమూనా మా బావ. వేదాయపాళెంలో ఉంటాడు, రిటైరయ్యాడు. వీధి చివర అంగట్లో కొత్తిమీర కట్ట కావాలన్నా స్కూటర్ తీస్తాడు. రోజూ నడవమని డాక్టర్ చెప్పాడు కాబట్టి ఏసీ స్టేడియం దాకా ఆ స్కూటర్ మీదే పోయి, అక్కడ గుండ్రంగా నడిచి, మళ్లీ దాని మీదే ఇంటికొస్తాడు. ఆమధ్య నేను వాళ్లింటికి నడిచిపోతే గేటు దగ్గరే ఆపి, "ఏందయ్యా బామ్మర్దీ, బండేమైంది?" అన్నాడు. బండికేం కాలేదు, బాగానే ఉందన్నాను. మొహంలో రంగు మారింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "షుగరా?" అన్నాడు.

అలాంటి మనిషి కొడుకు దగ్గరికని మద్రాసులో విమానమెక్కి సింగపూర్‌లో దిగాడు. దిగిన మర్నాటి నుంచి నడకే నడక. లిటిల్ ఇండియా స్టేషన్లో రైలు దిగి, సెరంగూన్ రోడ్డు పొడుగునా నడిచి, దారిలో వీరమాకాళి అమ్మకు దణ్ణం పెట్టి, ఆగకుండా 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ కోవెల దాకా వెళ్లాడు. మన ఊళ్లో పెన్న ఒడ్డున రంగనాయకస్వామి పడుకుని ఉన్నాడు. ఆయన్ని చూడ్డానికి మాత్రం, పార్కింగ్ దొరకదని బావ ఎన్నేళ్ల నుంచి వాయిదా వేస్తున్నాడో ఆ స్వామికే తెలియాలి. పెరుమాళ్ గుడి నుంచి బావ పెట్టిన వాట్సాప్ స్టేటస్‌లో స్వామి ఫొటో చిన్నది, ఫోన్ చూపించిన అడుగుల లెక్క పెద్దది.

ఎండ సంగతి అడిగాను. సింగపూర్ భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో ఉంది, ఏడాది పొడుగునా ఉక్కపోతే. "ఆడ ఎండే తెలవదయ్యా" అన్నాడు. ఇక్కడ డిసెంబరులో కూడా గొడుగు లేకుండా వాకిట్లోకి రాని మనిషి మాట అది.

రోడ్డు దాటే విద్య గురించి కూడా కాస్త చెప్పాలి. వీఆర్సీ సెంటర్లో మా బావ రోడ్డు దాటితే చూడాలి. కుడిచెయ్యి గాల్లోకి లేస్తుంది, మొహం ఎడమవైపుకు తిరుగుతుంది, లారీ ఉన్నట్టే తనకు తెలియనట్టు నడిచిపోతాడు. ఆగడం లారీ ధర్మం. సింగపూర్లో మాత్రం రోడ్డంతా ఖాళీగా ఉన్నా, పచ్చబొమ్మ వెలిగేదాకా స్తంభంలా నిలబడ్డాడట. అక్కడ క్రాసింగ్‌కు 50 మీటర్ల లోపు ఇష్టమొచ్చిన చోట రోడ్డు దాటితే నేరం. రైల్లో మంచినీళ్లు తాగినా జరిమానా వేయొచ్చు, అది 500 డాలర్ల దాకా పోతుంది. గొంతెండిపోతున్నా సీసా మూత తీయకుండా స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. గూడూరు చేరేలోపు మలైకాజా పొట్లం ఖాళీ చేసి, కాగితం కిటికీలోంచి వదిలే చెయ్యే అది.

తిరిగొచ్చాక మా ఇంట్లో ఉపన్యాసం. "వాళ్లకు కల్చరుందయ్యా. కోటీశ్వరుడైనా రైలెక్కి పోతాడు." నిజమే. కాకపోతే ఆ కల్చరుకు ఒక ధర కూడా ఉందని చెప్పబోయాను. 1990 నుంచి అక్కడ కారు కొనాలంటే ముందు వేలం పాడి పర్మిట్ కొనుక్కోవాలి. పదేళ్లకే చెల్లే ఆ కాగితం ధర ఇటీవలి సంవత్సరాల్లో లక్ష సింగపూర్ డాలర్లు కూడా దాటింది. కారు ఖర్చు వేరు. మన దగ్గర డౌన్ పేమెంట్ లేకుండానే బండి ఇంటికొస్తుంది, పైగా హెల్మెట్ ఫ్రీ. అలాంటప్పుడు కల్చర్ ఎక్కడ నిలుస్తుంది? బావ ఈ ముక్క వినిపించుకోలేదు. ధోబీ ఘాట్ స్టేషన్లో మూడు లైన్లు కలుస్తాయనీ, ఏ రంగు లైను ఎటు పోతుందో తనకు కంఠతా వచ్చనీ చెబుతున్నాడు. మరి మన జిల్లాలోనే ఉన్న మైపాడుకు బస్సు ఎక్కడ ఎక్కాలని అడిగితే, "మైపాడుకు బస్సుందా?" అన్నాడు.

న్యాయంగా చెప్పాలంటే కాళ్లదొక్కటే తప్పు కాదు. అక్కడ మెట్రో స్టేషన్ల చుట్టూ 400 మీటర్ల లోపు ఉన్న బడులకు, ఆసుపత్రులకు, ఇళ్లకు పైకప్పున్న నడకదారులు వేశారు. వానొచ్చినా తడవకుండా ఇల్లు చేరొచ్చు. మనకూ ట్రంకు రోడ్డులో ఫుట్‌పాత్ ఉంది, లేదనడం అన్యాయం. దాని మీద చీర కట్టుకున్న బొమ్మలు నిలబడి ఉంటాయి, వాటి వెనక జ్యూస్ బండి, దాని వెనక వరసగా బైకులు, ఆ తర్వాత ఒక మూల పైకి లేచిన కాలవ పలక. వీటి మధ్య చోటు చేసుకుని నాలుగడుగులు వేశామా, లోపల్నించి కుర్రాడు పరుగున వచ్చి "రాండన్నా, ఏం చూపించమంటారు?" అంటాడు. ఫుట్‌పాత్ మీద కాలు పెట్టినవాడు షాపులోకి వచ్చినట్టే లెక్క. ఊరికే నడుస్తున్నానని చెబితే ఆ కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడు. అందుకే పాపం జనం రోడ్డు మధ్యన నడుస్తారు.

ఇక బావను అన్నిటికన్నా ముగ్ధుణ్ణి చేసింది ఒక టిష్యూ ప్యాకెట్. సింగపూర్లో హాకర్ సెంటర్లని ఉంటాయి, చౌకగా తిండి దొరికే చోట్లు. జనం ముందు ఖాళీ బల్ల చూసుకుని, దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, తర్వాత పళ్లెం తెచ్చుకోవడానికి లైన్లోకి పోతారు. ఆ బల్ల జోలికి ఇంకెవరూ రారు. బావ దాన్ని మూడు వైపుల నుంచి ఫొటో తీశాడు. "చూడయ్యా, ఎంత నమ్మకం! మనుషులంటే అదీ!" అన్నాడు. ఈ హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో కూడా తన వారసత్వ జాబితాలోకి ఎక్కించుకుంది.

అయ్యా, ఆత్మకూరు బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునే మన అమ్మలక్కలది నమ్మకం కాదా? తువ్వాలు లేనివాళ్లు సంచి వేస్తారు, సంచి లేకపోతే కిటికీలోంచి పిల్లాణ్ణే అందిస్తారు. ఆ తువ్వాలు మీద కూర్చునే ధైర్యం జిల్లాలో ఎవరికీ లేదు. కూర్చున్నవాడి ఏడు తరాలు బస్సు దిగేలోపే బయటికొస్తాయి. ఇంత పకడ్బందీ రిజర్వేషన్ పద్ధతి కంప్యూటర్లు రాకముందు నుంచే మనకుంటే, దాన్ని మోటుతనమంటాడు బావ. తువ్వాలును కూడా ఆ జాబితాలో చేర్చమని నేను అర్జీ రాస్తున్నాను. ఫొటో జతచేయాలంటే మాత్రం కష్టం. అది గాల్లో ఉండేది రెప్పపాటే.

ఈ గొడవంతా పట్టకుండా ఊళ్లు తిరుగుతున్నది మా అక్క ఒక్కతే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని బయల్దేరింది. ఒక వారం జొన్నవాడ కామాక్షమ్మ, ఇంకో వారం మైపాడు సముద్రం. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పప్పు తాలింపు వేస్తుంది. బావ లెక్కలో ఇది పర్యటన కిందికి రాదు. కార్డు తాకిస్తే టింగుమనాలి, తలుపులు వాటంతటవే మూసుకోవాలి, నాలుగు భాషల్లో హెచ్చరిక రావాలి. పల్లెవెలుగులో హెచ్చరిక ఒక్క భాషలోనే వస్తుంది, అదీ కండక్టర్ నోటి నుంచి: "లోపలికి జరగండమ్మా, మధ్యలో ఖాళీయే!"

కనుక ప్రభుత్వానికి నా సూచన చాలా చౌకైనది. మెట్రో వద్దు, ఫ్లైఓవర్ వద్దు. నెల్లూరును నెల్లూరు వాళ్లకు విదేశంగా ప్రకటిస్తే చాలు. పెన్నా వంతెన దగ్గరొక ఇమ్మిగ్రేషన్ కౌంటరు పెట్టి, డబ్బు డాలర్లలో వసూలు చేసి, మూలాపేట శివాలయానికి పోయే దారికి ఇంగ్లీషులో ఒక బోర్డు కట్టండి. మా బావ అందరికన్నా ముందు బూట్లేసుకుని వస్తాడు.

అయితే నా సిద్ధాంతానికి అడ్డంపడే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాచకూడదు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది. బండ్లన్నీ దూరంగా ఆపేస్తారు. అప్పుడు మాత్రం హిందువులూ ముస్లిములూ, ముసలీ ముతకా, ఒక్క మాట అనకుండా నడిచిపోతారు. చెరువు నీళ్లలో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇవ్వాలి, అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకోవాలి. ఈసారి ఫుట్‌పాత్ రొట్టె కూడా ఒకటి ఉంటే బాగుంటుందని నలుగురితో అన్నాను. తీసుకోవడానికి ట్రంకు రోడ్డు నిండా జనం ఉన్నారు. ఇచ్చేవాడే దొరకలేదు. నువ్వైనా ఒకటి తెచ్చివ్వరాదా అని బావను అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, "మనకు తీరింది ఆడ కదయ్యా, ఈడ ఇస్తే చెల్లుద్దా?" అన్నాడు.