మెట్లుంటేనే జమీందారా?

సినిమాల్లో ధనవంతుల ఇల్లు చూపించడమంటే ఖరీదైన సామాను నింపడమేనని ఒక వ్యాసంలో చదివాను. పూర్తిగా ఒప్పుకోలేను. 2019లో వచ్చిన కొరియన్ సినిమా ‘పారసైట్’లో డబ్బున్న పార్క్ కుటుంబం ఇల్లు చూడండి. హాల్లో సామాను తక్కువే. గోడంత గాజు కిటికీ, దాని అవతల పచ్చిక. డబ్బంతా ఆ ఖాళీ జాగాలోనే, వెలుతురులోనే కనిపిస్తుంది. చాలామంది నిజమైన ఇల్లే అనుకున్నారు గానీ అది సెట్. ప్రొడక్షన్ డిజైనర్ లీ హా-జున్ ఎండ ఎటు నుంచి పడుతుందో చూసుకుని మరీ ఆరుబయట కట్టించారు. బయటికి కనిపించే పైఅంతస్తు గ్రాఫిక్స్. అదే సినిమాలో పేదవాళ్ల ఇల్లు సగం నేలలోపలే. కిటికీలోంచి చూస్తే వీధిలో తాగుబోతుల గోల.

మన పాత సినిమాల్లో అయితే రెండువైపులా మెట్లు, మధ్యలో షాండ్లియర్, సిల్కు గౌనులో పైపు పట్టుకుని దిగే జమీందారు. పెళ్లిచూపులైనా ఆస్తి గొడవైనా ఆ మెట్ల దగ్గరే. నాకవీ ఇష్టమే, కాదనను. ఇప్పటి సీరియళ్ల ఇళ్లతోనే నా పేచీ. గోడలనిండా బంగారు రంగు, మూలమూలకీ ప్లాస్టిక్ పూలు. కోట్ల ఆస్తి ఉన్న ఆ ఇంట్లో టీపాయ్ మీద ఒక్క న్యూస్‌పేపరైనా ఉండదేం?