వెనుక ఇరుసు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లారీ వెనుక ఇరుసు గారికి,

చీమకుర్తి నుంచి ఒంగోలు వచ్చే దారిలో రోజూ స్కూటరు మీద తిరిగే ఒక పన్ను చెల్లింపుదారు వ్రాసుకునే విన్నపం. లారీ యజమానికి, డ్రైవరుకు, రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు ఇదివరకే చాలామంది చాలా వ్రాశారు. బరువు మోసేది తమరే గనుక, దాన్ని చివరికి మా నెత్తిన దించేదీ తమరే గనుక, నేరుగా తమరికే మొర పెట్టుకుంటున్నాను.

పోయిన ఏప్రిల్‌లో ఒక మిట్టమధ్యాహ్నం టీ బంకు దగ్గర నిలబడి తమరి ఊరేగింపును కళ్లారా చూశాను. తెల్ల రంగుతో నంబరు వేసిన ఒకే ఒక్క నల్లరాయి, దానికి రెండు గొలుసులు, దాని కింద తమరు. ఘనమీటరుకు మూడు టన్నులకు కాస్త అటూ ఇటూ తూగే గెలాక్సీ గ్రానైటు దిమ్మె అది. ఎండకు మెత్తబడిన తారు ఏళ్ల తరబడి తమరి టైర్ల కింద నలిగి, పక్కకు ఒరిగి, చాలుకు రెండువైపులా గట్టులాగా లేచి ఉంది. నాగలి చాలు వేస్తే అందులో విత్తనమైనా పడుతుంది. తమరి చాలులో మొలిచేవి ప్యాచీలే.

తమరి ప్రతాపాన్ని లోకం ఎప్పుడో గుర్తించింది. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒట్టావా పట్టణం దగ్గర, పరీక్ష కోసమే రోడ్లు వేసి, సైనికుల చేత వాటి మీద లారీలు తిప్పించి, ఏ బరువుకు ఏ రోడ్డు ఎన్నాళ్లకు చెడుతుందో లెక్కగట్టారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదని, దాదాపు పదహారు రెట్లని తేలింది. రెండును నాలుగుసార్లు వేసి గుణిస్తే పదహారు గనుక, ఇంజనీర్లు దీన్ని నాలుగో ఘాతం సూత్రం అంటారు. ఇది ఉజ్జాయింపు లెక్కే, నేలను బట్టి, రోడ్డును బట్టి కొంత మారుతుంది. అయినా మన దేశంలో కూడా తారు రోడ్డు మందం తేల్చేటప్పుడు బండ్లను తలలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టరు, సుమారు 8 టన్నుల ప్రామాణిక ఇరుసులు ఎన్ని దాటుతాయో చూస్తారు. మూడు టన్నులకు లోపు బండ్లకు ఆ లెక్కలో చోటే లేదు. నా స్కూటరు ఈ రోడ్డుకు ఒక ఈగ.

టన్ను బరువున్న కారుకు ఇరుసు ఒక్కింటికి అర టన్ను పడుతుంది. పది టన్నులు మోసే తమరు దానికి ఇరవై రెట్లు. ఇరవైని నాలుగుసార్లు వేసి గుణిస్తే 1,60,000. రోడ్డుకు తమరు చేసే నష్టం కారు ఇరుసు కన్నా అన్ని రెట్లన్నమాట. ఇక టోలు సంగతి చూద్దాం. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లో కిలోమీటరుకు మూల రేటు కారుకు 65 పైసలు, రెండిరుసుల లారీకి 2 రూపాయల 20 పైసలు. అంటే మూడున్నర రెట్లకు లోపే. లక్షా అరవై వేలకూ మూడున్నరకూ మధ్యనున్న ఖాళీని ఎవరు పూడుస్తున్నారో, ఆ గుంతలు పూడ్చినంత నిదానంగానైనా ఎవరూ చెప్పరు.

2018లో తమరికి పదోన్నతి కూడా వచ్చింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మోయదగిన బరువును 10.2 టన్నుల నుంచి 11.5కు పెంచారు. వినడానికి నూటికి పదమూడే. నాలుగో ఘాతంలో అది అరవైకి పైమాటే. ఆ ఉత్తర్వుతో పాటు పాత రోడ్లన్నీ రాత్రికి రాత్రి మందం పెరిగి ఉంటాయని అనుకుంటాను.

అంతకు మించి మోస్తే 20,000 రూపాయల జరిమానా, ఆపైన టన్నుకు 2,000 చొప్పున అదనం, పైగా ఎక్కువైన సరుకును దించాలని మోటారు వాహనాల చట్టం. బస్తాలైతే దించవచ్చు. ఏకశిలను ఎక్కడ కోసి దించాలో మాత్రం చట్టంలో కనిపించలేదు. కందెన లేనిదే ఇరుసు తిరగదన్నది పెద్దల మాట గనుక, కాటాల దగ్గర జరిగే మిగతా విషయాల జోలికి నేను పోను.

తమరిని నిందిస్తున్నానని అనుకోవద్దు. కిరాయి టన్నుకు ఇంత అని కుదిరినప్పుడు, డ్రైవరు బత్తా ఎలాగూ మారనప్పుడు, యజమాని ఇంకో రెండు టన్నులు వేయక ఏం చేస్తాడు? రైలు తన పట్టాలను చాలావరకు తన రాబడితోనే బాగుచేయించుకోవాలి, అందుకే దాని కిరాయిలో పట్టాల ఖర్చు కూడా కలిసి ఉంటుంది. తమరి కిరాయి చవకగా కనబడేది రోడ్డు ఖర్చులో పెద్ద భాగం బిల్లులో లేనందువల్లనే. అది నా బిల్లులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పెట్రోలు, డీజిలు మీద రోడ్ల కోసమని లీటరుకు ఒక రూపాయి సెస్సు వేసినప్పుడు, ఆ రూపాయి నా స్కూటరు ట్యాంకులోనూ పడింది. రాయి ఎక్కడో విదేశంలో వంటింటి గట్టుగా మెరుస్తుంది. దాని రవాణాకు చందా మాత్రం చీమకుర్తి పాలవాడు కూడా ఇచ్చాడు.

కాబట్టి తమరి బరువును టన్నుల్లో కాకుండా నాలుగో ఘాతంలో కొలిచి, ఆ మేరకు టోలు వసూలు చేయాలని, బరువును ఎక్కువ ఇరుసుల మీద పంచుకునే బండ్లకు ఆ లాభం దక్కనివ్వాలని పెద్దలకు తమరే ఒక మాట చెప్పగలరు. మా మాట అక్కడిదాకా బరువుగా చేరడం లేదు.

భవదీయుడు,
ఒక అర టన్ను కూడా తూగని వాడు

జత: మొన్నటి వానలో తమరి చాలులో నీళ్లు నిలిచి లోతు తెలియక పడినప్పుడు, స్కూటరు ముందు ఫోర్కు సరిచేయించిన రశీదు ఒకటి. ఘాతాలేవీ వేయలేదు, మెకానిక్కు వ్రాసిన అంకెనే ఉంచాను.