రగ్బీ లీగ్: బడిలో మొదలైన ఆట పదో తరగతితో ఆగిపోకూడదంటే

కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తే, అడ్డొచ్చినవాళ్లు పట్టి పడేసే ఆట రగ్బీ. అందులో ఒక రకం రగ్బీ లీగ్. రాయలసీమలో దాని పేరెత్తగానే అందరి చూపూ కబడ్డీ కుర్రాళ్ల మీద పడుతుంది. పట్టు తెలిసినవాళ్లు కదా, ఇట్టే నేర్చుకుంటారని. చిక్కంతా ఆ పట్టుతోనే. చీలమండ కోసం తల ముందుపెట్టి దూకే అలవాటు ఇక్కడ ప్రమాదం. ఎదురుగా పరుగెత్తుకొచ్చేవాడి మోకాలు తగిలేది ఆ తలకే. భుజం ఆనాలి, తల అతని పక్కకో వెనక్కో పోవాలి. ముందు మోకాళ్ల మీద కూర్చొని, తర్వాత నడుస్తూ, ఆపైనే పరుగులో నేర్పాల్సిన పని ఇది. అంత ఓపిక లేని బడి ట్యాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడం, జోలికి పోకపోవడమే మేలు.

మొదటి ఏడాదికి ట్యాగ్, అంటే పట్టడానికి బదులు పట్టీ లాగే ఆట, చాలు. 40 × 30 మీటర్ల జాగా, జట్టుకు ఏడుగురు, 4వ సైజు బంతి. నడుముకు చెరోపక్క ఒక గుడ్డ పట్టీ. ఎదుటివాళ్లు ఒకటి లాగితే ట్యాకిల్ అయినట్టే. ఆరు ట్యాకిళ్లలో ట్రై కొట్టకపోతే, అంటే ఎదుటివాళ్ల చివరి గీత దాటి బంతిని నేలకు ఆనించకపోతే, బంతి అవతలి జట్టుకు. పాత చీర చించి పట్టీలు చేసుకోవచ్చు గానీ ముడి వేయకూడదు, నిక్కరు నడుములో దోపాలి. ముడి వేస్తే లాగేవాడి వేలు బెణుకుతుంది. ఆట గుంపుగా ముద్దకట్టిందంటే ట్యాగ్ పడ్డాక డిఫెన్స్ వెనక్కి జరగడం లేదన్నమాట. పెద్దల ఆటలో 10 మీటర్లు జరగాలి, పిల్లలకు 5 చాలు. పీఈటీ ఆ గీత మీదే నిలబడి చూపించాలి.

నేల సంగతీ ఉంది. అనంతపురం గరపనేలలో ఆటకు ముందు పల్లేరు కాయలు ఏరించకపోతే వట్టికాళ్ల పిల్లలు రెండోరోజు రారు. ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం ఆట వద్దే వద్దు.

ఇంతవరకు బడి చేయగలదు. పదో తరగతి అయ్యాక పిల్లలు చేరే ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో చాలావాటికి మైదానమే ఉండదు. మూడేళ్లు నేర్చుకున్న ఆట అక్కడితో సరి. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడా గ్రామం పల్లె పిల్లలకు మైదానం, కోచ్ ఇస్తోంది. కడప పుట్లంపల్లి క్రీడా పాఠశాల ఎంపికైన కొందరికి దారి చూపుతోంది. మిగతావాళ్లకు ఊరి క్లబ్బే దిక్కు. అది తొమ్మిదో తరగతిలోనే పిల్లల్ని చేర్చుకోవాలి. పరీక్షలయ్యాక వెతుక్కుంటే దొరకరు. కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి లాంటిచోట్ల, వలస మొదలైతే జట్టులో సగం గుంటూరు వైపు పోతుంది. మ్యాచ్‌లు ఆ నెలల్లో పెట్టి, పిల్లలకు శ్రద్ధ లేదనడం అన్యాయం. అమ్మాయిలకు సాయంత్రం ఇల్లు చేరడం సమస్య. హాస్టల్లోనే ఉండే కస్తూర్బా విద్యాలయాల్లో ఆ బెడద లేదు, క్లబ్ కోచే అక్కడికి పోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక నిజం మొదటే చెప్పాలి. రగ్బీలో లీగ్ కాక యూనియన్ అనే ఇంకో రకం ఉంది. 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది ఆ యూనియన్ రకం సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు ఆడేది. దేశంలో రగ్బీని నడిపే సంస్థ రగ్బీ ఇండియా పోటీలూ యూనియన్ పద్ధతిలోనే. సర్టిఫికెట్ ఆశించేవాళ్లు అటు మారాల్సి వస్తుంది. పరుగు, పాస్, ట్యాకిల్ పనికొస్తాయి. కానీ లీగ్‌లో ట్యాకిల్ అయినవాడు లేచి బంతిని కాలితో వెనక్కి నెడతాడు, ఎవరూ అడ్డురారు. సెవెన్స్‌లో కింద పడగానే బంతి వదిలేయాలి, దానికోసం ఇరుజట్లూ కలబడతాయి. ఆ ఒక్కదానికి ఎంపికల ముందు కనీసం రెండు నెలలు విడిగా సాధన చేయించాలి.