సుగ్గికి పోయినవాళ్లు ఎప్పుడు ఊరివాళ్లవుతారు?

జనవరి దగ్గరపడితే కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం వైపు ఊళ్లలో వీధులు పలచబడతాయి. బొలెరోలో మొదట బియ్యం మూటలు ఎక్కుతాయి, వాటిపైన దుప్పట్ల చుట్టలు, రొట్టెల పెనం, ప్లాస్టిక్ బిందెలు, అన్నిటికన్నా పైన పిల్లలు. తలుపుకు తాళం వేసి చెవి పక్కింటి అరుగు మీది ముసలమ్మకు ఇస్తారు. గుంటూరు, పల్నాడు మిరప కోతలు ముగిసేదాకా ఆ తాళం తీసే పని ఉండదు. దీన్ని అక్కడెవరూ వలస అనరు, సుగ్గి అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, సంబరం. పడమటి కర్నూలులో అది ఊరు విడిచిపోవడానికి పేరైంది.

వలసల గురించి, స్థానికత గురించి, సంస్కృతి మారిపోతోందన్న బెంగ గురించి ఇప్పుడు లోకమంతా వాదులాడుకుంటోంది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అనగానే మన టీవీల్లో చర్చలే చర్చలు. కానీ రాయలసీమకు ఈ విషయంలో ఉన్న అనుభవం స్టూడియోలకు లేదు. ఇక్కడ చుట్టాల్లోనే ఒకరు గుంటూరులో, ఒకరు బెంగళూరులో, ఇంకొకరు కువైట్‌లో బయటివాళ్లుగా బతుకుతుంటారు. ఆ మూడు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ‘వచ్చినవాళ్లు మనలో కలవడం లేదు’ అనే ఫిర్యాదు నిలవదు. కలవడమన్నది వచ్చినవాడి బుద్ధి కంటే, వాడిని ఎన్నాళ్లు, ఎవరితో, ఏ కాగితం మీద ఉండనిస్తారన్నదాన్ని బట్టే నడుస్తుంది.

గుంటూరునే తీసుకోండి. భాష ఒకటే, రాష్ట్రం ఒకటే. అయినా సీమ కూలీ కాపురం చేను పక్కన టార్పాలిన్ గుడారంలోనే. మాట్లాడేది మేస్త్రీతో, ఊళ్లోకి పోయేది సరుకులకు. చట్టం కూడా ఇతన్ని గుర్తించదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, ఐదుగురు లేదా అంతకుమించి పొరుగు రాష్ట్రపు కూలీలను పెట్టుకున్న సంస్థ రిజిస్టరు కావాలంది. దారి ఖర్చులు ఇవ్వాలంది, నెల కూలిలో సగం లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది, అదనంగా ఇవ్వాలంది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 లేబర్ కోడ్ ఆ ఐదును పది చేసింది. హొళగుంద నుంచి పక్కనే ఉన్న కర్ణాటకకు పోతే ఈ రక్షణ కాగితం మీదైనా ఉంటుంది. అదే మనిషి రాష్ట్రం ఆ కొసకు పోతే, గీత దాటలేదు కాబట్టి అదీ లేదు.

రేషన్ విషయం కొంత నయం. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జంటగా మొదలైన పోర్టబిలిటీ, అంటే ఏ ఊళ్లో ఉంటే అక్కడే రేషన్ తీసుకునే వీలు, 2022 జూన్‌కల్లా దేశమంతా అమలైంది. రాష్ట్రం లోపల ఏ దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. రాష్ట్రం దాటితే మాత్రం జాతీయ ఆహార భద్రత చట్టం కిందికొచ్చే కార్డే చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో ఇచ్చే బియ్యం కార్డు బెంగళూరు మిషన్లో పలకదు. తన కార్డు ఏ రకమో డీలరు ముందు నిలబడ్డాకే చాలామందికి తెలుస్తుంది. కోతలకు అరిగిన వేళ్లకు ముద్ర పడకపోవడం మరో తంటా.

బడి దగ్గర చిక్కు ఇంకా లోతైనది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కానీ రెండు నెలల కోసం వచ్చిన పిల్లకు పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి? అందుకే సొంత ఊళ్లోనే సీజనల్ హాస్టళ్లు పెట్టారు. ఆలోచన సరైనదే. తప్పేది తేదీల దగ్గర. బొలెరో కదలకముందు హాస్టల్ తెరిస్తే పిల్లలు ఆగుతారు, బిడ్డకు మూడు పూటలా తిండి ఉందని తల్లికి ధైర్యం వస్తుంది. మంజూరు కాగితం ఆలస్యమైతే ఆ పిల్లలు అప్పటికే మిరప చేలో ఉంటారు.

బెంగళూరులో తగువు భాషది. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికులకు యాజమాన్య స్థాయిలో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం ఇవ్వాలన్న బిల్లుకు సరేనంది. పరిశ్రమలు గగ్గోలు పెట్టగానే పక్కన పెట్టింది. అందులో స్థానికుడంటే ఆ రాష్ట్రంలో పుట్టి, 15 ఏళ్లుగా ఉంటూ, కన్నడం మాట్లాడ, చదవ, రాయగలిగినవాడు. ఈ షరతుల్లో భాష న్యాయమైనదనే నా అభిప్రాయం. పదేళ్లు ఒక ఊళ్లో ఉండి కూరగాయలమ్మే మనిషితో ఆమె భాషలో రెండు ముక్కలు మాట్లాడకపోవడం గొప్ప కాదు. కానీ భాష నేర్చుకోవచ్చు, పుట్టుకను నేర్చుకోలేం. మడకశిర, హిందూపురం నుంచి పోయినవాడికి కన్నడం ఇంటి దగ్గరే వచ్చేసింది. పుట్టుక షరతు ముందు అదేమీ పనికిరాదు. ఇతని ఓటూ ఊళ్లోనే ఉండిపోతుంది కాబట్టి అక్కడి నాయకుడికి ఇతనితో పనిలేదు. ఇక్కడి నాయకుడికి ఎన్నికల నాటి బస్సు చార్జీ వరకే పని.

అసలు ఇక్కడి మనుషుల్ని గీతలతో కొలవడమే కష్టం. 1953లో బళ్లారి జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, బళ్లారి అటు పోయింది. మనుషులు కదల్లేదు, గీత కదిలింది. మనం బొబ్బట్టును ఓళిగ అంటాం, బళ్లారిలో హోళిగె అంటారు. ఉగాది నాడు బీబీ నాంచారి తమ ఆడబిడ్డ అనుకుంటూ ముస్లింలు దేవుని కడప గుడికి వస్తారు. నార్పల మండలం గూగూడు పీర్ల పండక్కి హిందువులు పోటెత్తుతారు. వీటిని సామరస్యానికి బొమ్మలుగా చూపించి వదిలేస్తాం గానీ, ఎలా కుదిరాయన్నది అడగం. తరాల తరబడి అదే సంతలో అప్పులు పెట్టి, అదే చెరువు నీళ్లకు కొట్లాడి, మళ్లీ కలిసినవాళ్లకే అవి కుదిరాయి.

ఆ తరాల వ్యవధి లేకుండా కట్టిన ఏర్పాటుకు కువైట్ నిలువెత్తు ఉదాహరణ. రాయచోటి, రాజంపేట వైపు 18 వీసా, 20 వీసా అంటే చిన్నపిల్లలకూ తెలుసు: మొదటిది కంపెనీ పని, రెండోది ఇంటి పని. 20 మీద పోయినవాళ్లకు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మారడమూ తేలిక కాదు, 18కి మారడమూ తేలిక కాదు. 2015 నాటి అక్కడి ఇంటిపనివారి చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదనీ, వారానికో సెలవనీ అంటుంది. తలుపు వెనక ఎన్ని గంటలో లెక్క పెట్టేదెవరు? 2024లో కుటుంబ వీసాకు 800 దీనార్ల జీతం ఉండాలన్నారు. డ్రైవరుకో వంటమనిషికో అది అందని మాట. భార్యాబిడ్డలు రారు, పౌరసత్వం ఊసే లేదు, ఇరవై ఏళ్లున్నా అతిథే. అయినా 2020లో అక్కడి పార్లమెంటు ముందుకొచ్చిన కోటా ముసాయిదా, భారతీయులు జనాభాలో 15 శాతం మించకూడదంది. కలవనీయకపోయినా సంఖ్య చూసి భయం మాత్రం పోలేదన్నమాట. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినవాడైతే ఈ లెక్కల్లో కూడా ఉండడు. విదేశీ పనికి పోయేవాళ్లను నమోదు చేసే కేంద్రం పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో పేరుండదు, 275 రూపాయలకు రెండేళ్లపాటు పది లక్షల రక్షణ ఇచ్చే ప్రవాసీ బీమా ఉండదు. పదో తరగతి లోపు చదువుకున్నవాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్సు (పనికి దేశం దాటే ముందు తీసుకోవాల్సిన అనుమతి) తప్పించుకునేందుకు ఏజెంటు చూపే దారి ఎక్కువగా ఇదే.

ఇక మన గడప. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కారు బయటికొచ్చాక కొరియన్ అక్షరాల బోర్డులు లేచాయి. సంస్కృతి పోయిందని ఎవరూ అనలేదు, ఫొటోలు దిగారు. కొరియా మేనేజరును తెలుగు రాదేమని అడిగినవాడూ లేడు. ఆ ప్రశ్న ఉత్తరాది కూలీకే దాచిపెట్టుకున్నాం. అదే ఏడాది పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని రాష్ట్రం చట్టం చేసింది. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. మన కుర్రాళ్లకు ఉద్యోగం అడగడం తప్పు కాదు. కానీ కాంట్రాక్టరుకు బయటి మనిషి ముద్దయ్యేది కూలి తక్కువని మాత్రమే కాదు. షెడ్డులో పడుకునేవాడికి ఇంటికెళ్లే తొందర ఉండదు, చుట్టం పెళ్లని సెలవడగడు, పన్నెండు గంటలకు ఎదురుచెప్పడు. ఆ వెసులుబాటు పోనంతవరకు 75 శాతం రిజిస్టరులోనే ఉంటుంది. తనిఖీకి వెళ్లే అధికారి స్థానికులెందరని ఒక్కటే అడిగి రాకూడదు. కాంట్రాక్టు లైసెన్సులో ఎంతమంది ఉన్నారు, షెడ్డులో ఎన్ని చాపలున్నాయి, ఆ రెండు అంకెలు కలుస్తున్నాయా, జీతం ఎవరి ఖాతాలో పడుతోంది, ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది అని కూడా చూసి రావాలి.