క్వొందం వారి వంశం

మా మామగారికి డెబ్బై నిండుతున్నాయంటే ఓ మంచి చొక్కా కొనిస్తే సరిపోయేది. ఆరేళ్ల కాపురం తర్వాత కూడా అత్తింట్లో మంచి మార్కుల పిచ్చి తగ్గక, "వంశవృక్షం గీయించి ఇస్తాను, ఎవరికీ చెప్పకండి" అని అత్తగారికి మాటిచ్చేశాను. గుంటూరు జిల్లాలో పుట్టినదాన్ని. పెళ్లి పందిట్లో పది నిమిషాలు కూర్చుంటే ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చేసే రకం. అత్తవారిది ఇటలీ అయితే మాత్రం ఏం?

వాళ్ల సొంతూరు ఇటలీ ఈశాన్యాన వెనెతో ప్రాంతంలో, విచెంజా నగరం దగ్గర కొండల్లో. అక్కడ ప్రభుత్వ రికార్డులు వరసగా దొరికేది 1871 నుంచే. అంతకు ముందుకు వెళ్లాలంటే చర్చి పుస్తకాలే గతి. ఫాదర్ ముందు, సాక్షుల ఎదుట పెళ్లి జరగాలని, పుస్తకంలోకి ఎక్కాలని 1563లో త్రెంతోలో కూర్చున్న కాథలిక్ చర్చి మహాసభ తీర్మానించబట్టి బతికిపోయాం.

పెన్ను తేకూడదు, ఫ్లాష్ వెయ్యకూడదు అనే షరతుల మీద ఫాదర్ గారు పుస్తకం బల్ల మీద పెట్టారు. తెరవగానే తాతల నాటి భోషాణం వాసన. గోధుమరంగుకు తిరిగిన సిరా, వెనక పేజీలోని పెళ్లి ముందు పేజీలోని పెళ్లి మీదికి ఊరి, ఎవరు ఎవరిని చేసుకున్నారో తెలియకుండా ఉంది. పైగా అంతా లాటిన్. ఇటాలియన్‌కి అమ్మమ్మే కదా, అర్థమవుతుందిలే అనుకున్నాను.

కొంత అయింది కూడా. యొవాన్నెస్ అంటే జొవాన్ని. యాకోబుస్ అంటే జాకొమో. ఫిలియుస్ అంటే కొడుకు. "యొవాన్నెస్ ఫిలియుస్ క్వొందం యాకోబి". అంటే క్వొందం యాకోబి గారి కొడుకు జొవాన్ని. ఇంటిపేరు ముందు రాశారు, అచ్చం మనలాగే! ఆ ఒక్క ముక్కతో ఆ ఊరి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

మా ఆయన ఇంటిపేరు వేరే కదా అనే అనుమానం రాకపోలేదు. కానీ ఊళ్లో సగం మందికి ఒకటే ఇంటిపేరు ఉంటే, గుర్తు కోసం ఒక్కో ఇంటికి ఇంకో పేరు తగిలించడం ఆ వైపు మామూలే. మన పల్లెల్లో "చింతచెట్టు వాళ్లు" అన్నట్టు. ఇదీ అలాంటిదేనని తీర్పు చెప్పేసుకున్నాను.

తీరా చూస్తే పేజీ తిప్పితే చాలు, క్వొందం. పెళ్లికొడుకు తండ్రి క్వొందం. పెళ్లికూతురి తండ్రీ క్వొందమే. అయ్యో, సగోత్రం! ఒక పెళ్లి పక్కన దగ్గరి చుట్టరికానికి చర్చి ఇచ్చిన మినహాయింపు కూడా రాసి ఉంది. చూశారా, నేను చెప్పలేదూ? తీరా అది నాలుగో తరం చుట్టరికమట. మేనమామకు పిల్లనిచ్చే ఊళ్ల నుంచి వచ్చిన నాకు, ముత్తాత తండ్రి ఒక్కడైతే పర్మిషన్ తెచ్చుకోవడం చూసి నవ్వొచ్చింది.

ఇంకో చిక్కు. 1783లో పెద్దకొడుకు పెళ్లప్పుడు తండ్రి ఉత్త యాకోబి. 1786లో చిన్నకొడుకు పెళ్లప్పుడు అదే తండ్రి క్వొందం యాకోబి. రెండు రాత్రులు ఆలోచించి తేల్చాను: దత్తత వెళ్లాడు.

ఆ చిన్నకొడుకు పెళ్లి ఫిబ్రవరిలో. మనకు మూఢాలున్నట్టు వాళ్లకు ఈస్టర్ ముందు ఉపవాసకాలంలో పెళ్లిసందడి కుదిరేది కాదు, అందుకని ఆ లోపే కానిచ్చేవాళ్లు. మొదటి బిడ్డ బాప్తిస్మం అదే ఏడాది, నెల "ఎక్స్‌బ్రిస్" అని ఉంది. రోమన్ అంకెల్లో ఎక్స్ అంటే పది, పదో నెల అక్టోబరు. వేళ్ల మీద లెక్కేశాను. ఎనిమిది. మళ్లీ లెక్కేశాను. ఎనిమిదే. చార్టులో ఆ నెల వెయ్యకుండా వదిలేశాను. పరువున్న కుటుంబం.

పుట్టినరోజు భోజనాల దగ్గర చార్టు విప్పాను. మీటరున్నర పొడుగు, పైన బంగారు రంగులో "క్వొందం వంశం". అందరూ చప్పట్లు కొట్టారు. మామగారి అక్కయ్య మాత్రం కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చారు. ఆవిడ రిటైరైన లాటిన్ టీచరని అప్పుడు గుర్తొచ్చింది నాకు. కాసేపటికి ఆవిడ భుజాలు ఊగడం మొదలైంది.

"క్వొందం అంటే పోయినవాడమ్మా. తండ్రి బతికి లేకపోతే ఆయన పేరు ముందు ఆ మాట రాస్తారు."

బల్ల చుట్టూ ఉన్న పదిహేడు మందీ ఒకేసారి నవ్వడం ఎప్పుడైనా విన్నారా? నేను విన్నాను.

"దత్తత కాదు, 1783కీ 1786కీ మధ్య చనిపోయాడు. ఇంకేం, చావుల పుస్తకంలో ఆ మూడేళ్లు వెతికితే చాలు" అని ఓదార్చారావిడ. ఎక్స్‌బ్రిస్ సంగతి చెవిలో అడిగాను. పాత రోమన్ లెక్కలో మార్చి మొదటి నెల కాబట్టి పదోది డిసెంబరట. అంటే పది నెలలు! ఆ దంపతులకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

"ఇంతకీ దీన్ని తెలుగులో ఏమంటారు?" అన్నాడు మా ఆయన.

"కీ.శే." అన్నాను, వినపడీ వినపడకుండా.

ఫోర్కు కింద పెట్టాడు. మా పెళ్లికి ముందు తెలుగు అక్షరాలు నేర్పింది నేనే. శుభలేఖ కూడబలుక్కుని చదివి, "ఈ కీశేలు పెళ్లికి ఎంతమంది వస్తున్నారు?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆ కథ ఈ ఆరేళ్లలో గుంటూరు నుంచి డల్లాస్ దాకా, ఆయన గొంతుతో సహా, నేను చెప్పని ఇల్లు లేదు.

ఏమీ అనలేదు. జేబులోంచి ఫోన్ తీసి, హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్యకి కలిపి, స్పీకర్లో పెట్టాడు.

"బావగారూ, తీరికేనా? కొంచెం పెద్ద కథ."