తామర పురుగు గారికి బహిరంగ లేఖ

అనంతపురం

మహారాజశ్రీ తామర పురుగు గారికి,

మా వీధి పూలమొక్కల తరఫున నమస్కారాలు.

గులాబీ మొగ్గలు విచ్చుకోకముందే అంచులు మాడుతున్నాయి, చామంతి రేకుల మీద తెల్లటి చారలు పడుతున్నాయి. అన్నీ మీ పనులే. అయినా ఇక్కడ ఎవరూ మీ పేరెత్తరు. ఎండ అంటారు, బోరు నీళ్లలో ఉప్పంటారు, ఎదురింటివాళ్ల దిష్టి అంటారు. పూవును తెల్ల కాగితం మీద తడితే చాలు, మిల్లీమీటరు పొడవున్న మీ పరివారమంతా సన్నని గీతల్లా పరుగులు తీస్తుంది. కాగితం దండగ అనుకున్నారో ఏమో, మావాళ్లు నేరుగా మందుల దుకాణానికే వెళతారు.

"పూలకు పురుగు" అనగానే అక్కడ ఏదో ఒక సీసా చేతికి వస్తుంది. మీ గుడ్లు ఆకు కండలో భద్రం. కోశస్థ దశలో (పిల్లపురుగు పెద్దపురుగుగా మారే దశ) ఉన్నవారు ఎక్కువగా మట్టిలో, మిగిలినవారు మొగ్గ మడతల్లో. కాబట్టి మందు ముందుగా మిమ్మల్ని తినే మిత్రపురుగులకే తగులుతుంది. ఇక మీకు అడ్డెవరు? మళ్లీ అదే దుకాణం, ఇంకాస్త ఘాటైన సీసా. మందుకు మిమ్మల్ని అలవాటు చేసే ఖర్చు కూడా మాదే.

మీ నోట్లో పనిచేసేది ఎడమ దవడ ఒక్కటే. రెండోది కూడా ఉంటే మా జిల్లా ఏమయ్యేదో! 2000లో వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడి ఒంటికి పూసుకుని వేరుశనగ చేలలో దిగారు. పుప్పొడిలోని వైరస్ మీరు గీకిన గాయాల గుండా మొక్కల్లోకి చేరింది. దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో కాండం కుళ్ళు. వయ్యారిభామకు మాత్రం ఏమీ కాలేదు, ఇప్పటికీ ఊళ్లో గోడల పక్కన నిక్షేపంగా పూస్తోంది. 2021లో మీ నల్ల జ్ఞాతులు మిరప పూతలో కాపురం పెట్టారు. గట్టి వాన కురిస్తే మీరంతా కొట్టుకుపోతారు గానీ, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే ఈ జిల్లా మీకు అత్తవారిల్లే.

నేను మాత్రం మర్యాద తప్పను. వాడిన పూలను తుంచి సంచిలో కట్టేస్తున్నాను. మా ఇంటి గోడ పక్కన వయ్యారిభామను పూతకు రాకముందే పీకించాను. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి, ఎండ తగ్గాక మొగ్గల్లోకి దిగేలా చల్లుతున్నాను. నీలి రంగంటే మీకు మోజు కదా, జిగురు పూసిన నీలి అట్టలు సరిగ్గా పూల ఎత్తులో కట్టించాను. బంధుమిత్ర సపరివారంగా దయచేయగలరు.

ఇట్లు,
మేడ మీది కుండీల యజమాని